జగ్గారావు పేరు పక్కన మూడు గీతలు

సోమవారం చెయ్యవలసిన పనులు:

ప్లాస్టరు బస్తా చెమ్మగిల్లిందేమో విప్పి చూడడం.
కిరసనాయిలు స్టవ్వులకి కొత్త వత్తులు.
స్టీలుప్లాంటు వాళ్ల సెట్లు నాలుగు మధ్యాహ్నం బస్సుకి పంపడం.
పాలిష్ మోటారు బెల్టు.
కంచరపాలెం నుంచి రిటన్ వచ్చిన సెట్టు చూడడం.
బోర్డు మీద గీత గియ్యడం.
జగ్గారావు సంగతి ఓనరు గారికి చెప్పడం.
అమ్మకి ఒక కట్ట.

శ్రీరామ్మూర్తి ఈ జాబితా ప్రతి సోమవారం బస్సులోనే రాసుకుంటాడు. గోపాలపట్నంలో ఎక్కి డాబాగార్డెన్సులో దిగేలోపు అది పూర్తయిపోవాలి, కుదుపులకి అక్షరాలు వంకరపోయినా సరే. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు అతను. ఏ పనైనా కాగితం మీదికి ఎక్కితే తప్ప జరగదని అతని నమ్మకం. చివరి పని దగ్గర మాత్రం ఏ కట్టో రాయలేదు. నోటుబుక్కు రోజంతా ల్యాబులో బల్ల మీద తెరిచే ఉంటుంది. ఓనరు భీమశంకరరావు గారు వచ్చినప్పుడల్లా దాన్ని ఒకసారి తిరగేస్తారు. అమ్మకి చుట్టలని అందులో ఎలా రాస్తాడు.

ల్యాబంటే పళ్లసెట్లు చేసే చోటు, మేడ మీద మూడు గదులు. డాక్టర్లు పళ్లు ఊడిపోయిన నోళ్ల అచ్చులు తీసి పంపుతారు. ఆ అచ్చు మీద మైనంతో చిగురు కట్టి, పళ్లు పేర్చి, దాన్ని ఇత్తడి డబ్బాలో ప్లాస్టరు మధ్య బిగిస్తారు. మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో గులాబిరంగు అక్రిలిక్ ముద్ద కూరి, డబ్బాని నీళ్లలో ఉడకబెడతారు. చల్లారాక సెట్టుని బయటికి తీసి, ఆకురాయితో గీకి, మెరుగు పెడతారు. ఈ పనంతా చేసేది ఇద్దరు, జగ్గారావూ గవర్రాజూ. వాళ్లిద్దరూ ఎన్ని చేశారు, ఎంత బాగా చేశారు, ఈ రెండూ చూసుకోవడం శ్రీరామ్మూర్తి ఉద్యోగం.

బోర్డు అతను పెట్టిందే. ఉత్పాదకత గురించి లైబ్రరీలో దొరికిన చిన్న పుస్తకమొకటి రెండుసార్లు చదివి, నల్ల బోర్డు మీద తెల్ల పెయింటుతో గళ్లు గీయించాడు. ఒక గడిలో చేసినవి, పక్క గడిలో రిటన్ వచ్చినవి. భీమశంకరరావు గారు చూసి ముచ్చటపడ్డారు. ముచ్చటపడి, తన వంతుగా ఒక రూలు కలిపారు. నెలలో ఒకడి పేరు పక్కన మూడు రిటన్లు పడితే వాడు ఇంటికి పోవాలి. రూలు అందరికీ ఒకటే కదా అని శ్రీరామ్మూర్తి ఊరుకున్నాడు.

కిందటి శనివారం సాయంత్రం వచ్చిన సెట్టుతో జగ్గారావుకి మూడోది.

కంచరపాలెం డాక్టరు గారి చీటీ దారంతో కట్టి ఉంది. 'పై సెట్టు. అంగిట్లో బుడగలు. ఉడుకు సరిగా లేదు. కొత్తది చెయ్యాలి.' పేషెంటు పేరు పైడితల్లి, వయసు అరవై రెండు, ఇల్లు రైల్వేగేటు అవతల. శ్రీరామ్మూర్తి సెట్టుని కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూశాడు. అంగిలి నడిమధ్య, రూపాయి బిళ్ల మేర, గులాబిరంగు పాలిపోయి తెల్లబడింది. ఆ తెలుపు మీద సన్నని పొక్కులు, పొక్కుల చుట్టూ కాఫీ మరకలాంటి రంగు. సొరుగులోంచి మొదటి రెండు రిటన్లూ, అవీ కంచరపాలెంవే, తీసి పక్కన పెట్టాడు. మూడింటిలోనూ అక్కడే, అంత మేరే.

జగ్గారావు స్టవ్వు ముందు ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. చేతుల గరుకులోకి ప్లాస్టరు ఇంకిపోయి, కడిగినా తెల్లగానే ఉంటాయి. అతను డబ్బాని చన్నీళ్లలో పెట్టి మంట తగ్గిస్తాడు. నీళ్లు కాగే కొద్దీ వేలు ముంచి చూస్తాడు. వేలు పెట్టి పది లెక్కపెట్టగలిగితే ఒక వేడి, అయిదు లెక్కపెట్టగలిగితే ఇంకో వేడి. పెట్టీ పెట్టగానే తీసేయవలసి వస్తే, అప్పుడు గడియారం వంక చూస్తాడు. అక్కణ్నుంచి గంటన్నర ఆ మంట పెరగనివ్వడు, తగ్గనివ్వడు, టీకి కూడా లేవడు. గోడకి వేలాడే థర్మామీటరు మీద దుమ్ము పేరుకుంది.

గవర్రాజు పాలిష్ మోటారు ఆపి ఇటు తిరిగాడు. గోదావరి వైపు మనిషి. చెయ్యి ఎంత జోరో నోరూ అంత జోరు.

"ఏంటి బావా, ఆ డబ్బాకి జోల పాడతన్నావా. పడుకుందంటే మళ్లీ లేవదు, చూసుకో."

జగ్గారావు నవ్వి నీళ్లలో వేలు ముంచాడు. శ్రీరామ్మూర్తి మూడు సెట్లూ తెచ్చి అతని ముందు పెట్టాడు. జగ్గారావు తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని, పైడితల్లి సెట్టు అందుకుని, బొటనవేలితో ఆ తెల్లమచ్చ మీద రాశాడు. తర్వాత పళ్ల వెనక ఉన్న మందపాటి భాగాన్ని వెలుతురుకి తిప్పి చూపించాడు.

"ఉడుకు తప్పితే బుడగ లావుగా ఉన్న సోట వత్తాది బాబూ. ఇదిగో, ఇక్కడ. ఇక్కడేమో సూడండి, గాజులాగున్నాది. అంగిలి పల్సటి సోటు. ఇక్కడ బుడగ ఎట్టమన్నా నాను ఎట్టలేను."

మరెలా వచ్చిందని శ్రీరామ్మూర్తి అడిగాడు.

"అదే తెల్దు బాబూ," అని జగ్గారావు మళ్లీ నీళ్లలో వేలు ముంచాడు.

బోర్డులో 'తెలియదు' అనే గడి లేదు. శ్రీరామ్మూర్తి సుద్దముక్క తీసి మూడో గీత గీశాడు. గవర్రాజు మోటారు మళ్లీ వెయ్యలేదు. 

పదకొండింటికి భీమశంకరరావు గారు వచ్చి బోర్డు చూశారు. కోప్పడలేదు. ఆయనది కృష్ణా జిల్లా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. పంతొమ్మిదేళ్ల నుంచి ఉన్నవాడని ఒకడికో రూలు, నిన్న వచ్చాడని ఒకడికో రూలు పెడితే బోర్డు దేనికయ్యా అన్నారు. శనివారానికి కాగితం రాసి ఉంచితే సంతకం పెడతానన్నారు.

మధ్యాహ్నం జగ్గారావు కేరేజీ విప్పి, సగం తిని మూత పెట్టేశాడు. చేతులు కడుక్కుని శ్రీరామ్మూర్తి బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. రూలు అతనికి తెలుసు. గీతలు లెక్కపెట్టుకోవడమూ తెలుసు.

"శనారం దాకా రానిత్తారా బాబూ? ఆ పైడితల్లమ్మ సెట్టు కొత్తది నానే సేసి ఎలిపోతాను. నా సేతిలో పాడైనాదన్నారు. నా సేత్తోనే బాగవ్వాల గదా."

శ్రీరామ్మూర్తి తలూపాడు. ఆ సాయంత్రం కాగితం రాశాడు. పాపం మంచి దస్తూరీ అతనిది. తప్పులేకుండా, కొట్టివేతలు లేకుండా వచ్చింది. మడిచి సొరుగులో పెట్టాడు.

*

మంగళవారం ఇల్లు చేరేసరికి ఇంకా వెలుగుంది. గోపాలపట్నంలో మార్కెట్టు వెనక రెండు గదుల వాటా. అమ్మ అప్పాయమ్మ పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని కందులు చెరుగుతోంది. వీధివైపు అరుగుంది, గాలొస్తుంది, అయినా ఆమె అక్కడ కూర్చోదు. కిందటేడు ఓనరు గారు ఒకసారి ఇటు వస్తారన్నప్పుడు, పెరట్లో కూర్చోమ్మా అని శ్రీరామ్మూర్తి అన్నాడు. ఓనరు గారు రాలేదు. అప్పాయమ్మ మాత్రం పెరట్లోనే ఉండిపోయింది.

కాగితంలో చుట్టిన కట్ట ఆమె పక్కన పెట్టాడు. ఆమె పెదాలు మూసి ఉన్నాయి. ఆ పెదాల మధ్య నుంచి చుట్ట కొస, వేలెడంత, బయటికి కనిపిస్తోంది. నిప్పు కనబడదు. నిప్పు లోపలుంది. అడ్డపొగంటే అదే. వెలిగించిన కొస నోట్లోకి పెట్టుకుని పెదాలు మూసి తాగడం. గాలికి ఆరదు, వానకి తడవదు, చేతిలో పని ఆగదు. మోకాలి లోతు బురదలో వంగి నాట్లు వేసే చోట అప్పాయమ్మ నేర్చుకున్న అలవాటు. ఊళ్లో ఆ వయసు ఆడవాళ్లంతా అలాగే తాగేవారు. చేటలో కందులు ఎగిరి పడుతుంటే పెదాల మూల నుంచి సన్నగా పొగ వస్తోంది.

ఆమె చుట్ట తీసి బండకి రాసి ఆర్పింది.

"ఒరే శ్రీరామూ, ఈ దవడ పన్ను ఓసారి సూడరా. కదిలిపోతన్నాది. అన్నం తిననీట్లేదు."

అతను గదిలోంచి టార్చి తెచ్చి, ఆమె గడ్డం పట్టుకుని తల వెనక్కి వాల్చాడు. మిగిలిన పళ్లు ఆరో ఏడో. కదిలే పన్ను చూశాడు. చూసి, టార్చి తియ్యబోతూ ఆగిపోయాడు. వెలుతురు ఆమె అంగిట్లో పడింది. నడిమధ్య, రూపాయి బిళ్ల మేర, చర్మం తెల్లబడి మందంగా ఉంది. ఆ తెలుపు మీద సన్నని చుక్కలు. చుట్టూ కాఫీరంగు మరక.

అతను టార్చి ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

"ఏటిరా అలా సూత్తన్నావు? నోట్లో లంకెబిందెలున్నాయేటి?"

టార్చి ఆర్పాడు. పళ్లసెట్టు పెట్టుకున్నవాళ్లు అడ్డపొగ తాగగలరా అని అడిగాడు. అప్పాయమ్మ చేట మళ్లీ అందుకుంది.

"నానెట్టుకుంటే గదా సెప్పడానికి. రెండేళ్ల బట్టీ సేయిత్తాను సేయిత్తానంతన్నావు."

నిష్ఠూరంగా అనలేదు. కందుల్లో రాయి ఏరి పారేసినట్టు అంది. ఆమెను డాక్టరు దగ్గరికి, ఆ పైన కొలతలకి ల్యాబుకీ తీసుకెళ్లాలి. ఓనరు గారు, గవర్రాజు, బెంచీ మీద పేషెంట్లు, అందరి ఎదుటా ఆమె బొడ్లోంచి చుట్ట తీస్తుంది. రెండేళ్లుగా శ్రీరామ్మూర్తి జాబితాల్లోకి ఎక్కని పని అదొక్కటే.

*

బుధవారం అరపూట పని ముగించుకుని, పైడితల్లి సెట్టు రుమాల్లో చుట్టుకుని, కంచరపాలెం వెళ్లాడు. రైల్వేగేటు పడి ఉంది. గూడ్సు బండి పోర్టు వైపు చాలాసేపు వెళ్లింది. గేటు దాటి రెండు సందులు తిరిగితే ఇల్లు దొరికింది. పైడితల్లి గుమ్మంలో గోనె పరుచుకుని, చింతపండు గింజలు తీస్తోంది. సన్నగా, ఎత్తుగా, పోర్టులో బస్తాలు మోసిన భుజాలు ఇంకా నిటారుగా ఉన్నాయి. పేంటు వేసుకున్నాయన ఇంటికి రావడం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పళ్లసెట్టు చేసే చోటు నుంచి వచ్చానని చెప్పి అతను రుమాలు విప్పాడు.

"తెచ్చీసినావా బాబూ నా పళ్లు," అని ఆమె గబుక్కున అందుకుంది. ఇది కొత్తది కాదు, పాతదేనని అతను చెబుతున్నా వినలేదు. చెంబులో నీళ్లతో కడిగి నోట్లో పెట్టుకుంది. బుగ్గలు నిండుగా లేచాయి, మనిషి పదేళ్లు వెనక్కి వెళ్లింది. ఆ వెంటనే చెయ్యి బొడ్డు దగ్గరికి పోయింది. చుట్ట తీసింది. అతని వంక ఒకసారి చూసి, పరవాలేదనుకుందో ఏమో, వెలిగించి నిప్పున్న కొస లోపలికి తిప్పి పెదాలు మూసింది. కళ్లు మూతలు పడ్డాయి. చేతులు మళ్లీ చింతపండులోకి వెళ్లాయి.

శ్రీరామ్మూర్తి అరుగు అంచున కూర్చున్నాడు. కొంతసేపటికి ఆమె చుట్ట తీసి చెప్పింది.

"డాక్టరు బాబు సెట్టు ఉంచీసుకున్నాడు గదా, ఇన్నాళ్లబట్టీ సుట్ట నిలబడక సచ్చిపోతన్నాను."

తినడానికి సెట్టు బాగుందా పెద్దమ్మా అని అతను అడిగాడు.

"తినీటప్పుడు ఎవులెట్టుకుంతారు బాబూ? అప్పుడు తీసి గూట్లో ఎట్టెత్తాను. సిగుళ్లతో నమలడం అలవాటైపోనాది. దీన్ని పొగకే ఎట్టుకుంతాను. పళ్లుంటే సుట్ట ఎంత బాగా నిలబడతాదో."

నవ్వొచ్చింది గానీ, జగ్గారావు సగం తిని మూసేసిన కేరేజీ గుర్తొచ్చి ఆపుకున్నాడు. తినడానికని ఒక మనిషి రోజుల తరబడి కూర్చుని చేసిన వస్తువు, తినేటప్పుడు గూట్లో ఉంటోంది. నిప్పు పెట్టుకునేటప్పుడు నోట్లో ఉంటోంది. డాక్టరు గారు కొత్తగా వచ్చినాయన, అడగలేదు. అడిగినా ఈవిడ చెప్పదు. కంచరపాలెం పేషెంట్లు ల్యాబు దాకా రారు, చేసేవాడు వాళ్ల మొహమే చూడడు, నోటి అచ్చు ఒక్కటే చూస్తాడు. కంచరపాలెం చీటీలన్నీ జగ్గారావుకే ఎందుకు వెళ్తున్నాయి? అతనిల్లు ఆ పక్కనే కాబట్టి, వచ్చేటప్పుడు డాక్టరు దగ్గర్నుంచి పట్టుకొస్తాడని శ్రీరామ్మూర్తే అలా పంచాడు. స్టీలుప్లాంటు ఉద్యోగస్తుల నోళ్లన్నీ గవర్రాజుకి. కంచరపాలెం మామ్మల నోళ్లన్నీ జగ్గారావుకి. ఆ పైన ఇద్దరి పేర్లూ ఒకే బోర్డు మీద.

అతను ఉన్న సంగతి చెప్పాడు. ఈ సెట్టు చేసినాయన ఉద్యోగం పోతోందని, శనివారం ల్యాబుకొచ్చి ఓనరు గారితో ఈ మాట చెప్పాలని అడిగాడు. పైడితల్లి గింజ ఒకటి తీసి పక్కకేసి, అతని వంక పరీక్షగా చూసింది. జేబులో పెన్ను, ఇస్త్రీ మడత, బూట్లు.

"మీయమ్మ తాగదేటి బాబూ?"

"లేదు," అన్నాడు శ్రీరామ్మూర్తి.

"ఔన్లే. సదువుకున్నోళ్ల ఇల్లు." ఆమె చుట్ట ఆర్పి కొంగు మళ్లీ నోటికి అడ్డం పెట్టుకుంది. "వత్తాన్లే శనారం."

గేటు దగ్గర మళ్లీ గూడ్సు అడ్డమొచ్చింది. ఆ పెట్టెలు లెక్కపెట్టబోయి అతను లెక్క తప్పాడు. అంత తేలిగ్గా ఆ రెండక్షరాలు నోట్లోంచి ఎలా వచ్చాయో తెలియలేదు.

*

గురువారం, శుక్రవారం జగ్గారావు పైడితల్లి కొత్త సెట్టు మీద కూర్చున్నాడు. మైనం వేడిచేసిన కత్తితో చిగురు అంచు తీర్చడానికే ఒక పూట పట్టింది. అచ్చులో ఆమె ఎడమ పక్క చిగురు కొంచెం అణిగి ఉంది. బస్తాలు మోసేవాళ్లు పళ్లు ఒకవైపు బిగబట్టి బిగబట్టి అక్కడ అరిగిపోతుందని, అందుకే ఆ పక్క పన్ను ఒక వెంట్రుక ఎత్తుగా పెట్టాలని గవర్రాజుకి చెప్పాడు. నేర్పిస్తున్నట్టు చెప్పాడు. గవర్రాజు ఈసారి జోకు వెయ్యలేదు. బావా, నీ చోట నన్ను కూర్చోమంటే నేను కూర్చోను అని శ్రీరామ్మూర్తికి వినబడేలా అన్నాడు.

శుక్రవారం శ్రీరామ్మూర్తి భీమశంకరరావు గారికి సంగతి విన్నవించుకున్నాడు. కొందరు ఆడవాళ్లు చుట్ట అలా తాగుతారని, ఆ వేడికే సెట్టు కాలిందని. ఆయన నమ్మలేదు. నిప్పు నోట్లో పెట్టుకుంటే నోరు కాలి ఊరుకుంటుందా, ఎక్కడ విన్నావయ్యా అన్నారు. అంటుంటారండీ అన్నాడు శ్రీరామ్మూర్తి. అంటుంటారంటే ఎలా, మనిషిని చూపించు అన్నారు. రేపు ఒకావిడ వస్తుందని చెప్పాడు. అప్పుడైనా అమ్మ సంగతి ఒక్కమాట అనవలసింది. అనలేదు.

శనివారం పదింటికి పైడితల్లి వచ్చింది. గంజిపెట్టిన చీర కట్టుకుంది. మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టింది. అద్దాల అలమారలో వరసగా నవ్వుతున్న ప్లాస్టరు నోళ్లు చూసి బెదిరిందో ఏమో, గోడకి ఆనుకుని నిలబడింది. భీమశంకరరావు గారు కుర్చీ చూపించారు. కూర్చోలేదు.

"ఏమ్మా, నువ్వు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని తాగుతావటగా?"

ఆయన మర్యాదగానే అడిగారు. కానీ ఆ తెల్లచొక్కా, ఆ కళ్లజోడు, ఆ గది. గవర్రాజు మోటారు ఆపేశాడు. జగ్గారావు స్టవ్వు దగ్గర లేచి నిలబడ్డాడు. పైడితల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓనరు వంక కాదు, శ్రీరామ్మూర్తి వంక చూసింది.

"నాకా అలవాటు నేదు బాబూ."

బుధవారం అరుగు మీద శ్రీరామ్మూర్తి అన్న మాటే. అదే గొంతు. భీమశంకరరావు గారు నిట్టూర్చి సొరుగు లాగి, మడిచి ఉన్న కాగితం తీసి విప్పారు. పెన్ను మూత తిప్పారు.

"మాయమ్మ తాగుతాదండి," అన్నాడు శ్రీరామ్మూర్తి.

ఆ మాట అతని నోట్లోంచి ల్యాబు భాషలో రాలేదు. ఇంటి భాషలో వచ్చింది. భీమశంకరరావు గారు తలెత్తారు. ఇక ఆగితే మళ్లీ రాదని అతనికి తెలుసు.

"అడ్డపొగేనండి. నలభై ఏళ్లబట్టీ. మొన్న ఈవిడ అడిగితే లేదన్నాను, అబద్ధం. మంగళారం నేనే టార్చేసి చూశాను. మాయమ్మ అంగిట్లో ఎక్కడ తెల్లబడిందో ఈ మూడు సెట్లూ అక్కడే కాలాయి. జగ్గారావు గారి ఉడుకులో తప్పు లేదండి. కంచరపాలెం చీటీలన్నీ ఆయనకే ఇచ్చి, పక్కన గవర్రాజు పేరు రాసి పోల్చింది నేను. తప్పు బోర్డుదండి."

 అతని చెవులు ఎర్రబడ్డాయి. పైడితల్లి కొంగు నెమ్మదిగా దించింది.

"మొన్నెందుకు దాసినావు నాయనా?"

"సిగ్గేసింది పెద్దమ్మా."

"తల్లి దగ్గిర సిగ్గేటి." ఆమె బొడ్లోంచి చుట్ట తీసింది. "ఆ బాబు కన్నతల్లినే బయటెట్టీసినాక నాకేటి దాపరికం. అగ్గిపుల్లుందేటి?"

గవర్రాజు జేబులోంచి అగ్గిపెట్టె తీసి గీసిచ్చాడు. జగ్గారావు గబగబా అడ్డమొచ్చి, బల్ల మీది కొత్త సెట్టు తీసుకోబోతున్న ఆమె చేతికి పాతది అందించాడు. "ఇదెట్టుకో అప్పా. కొత్తదొద్దు." ఆమె పెట్టుకుంది. చుట్ట వెలిగించి తిప్పి పెదాలు మూసింది. భీమశంకరరావు గారు కుర్చీలోంచి సగం లేచారు, అలాగే ఉండిపోయారు. పెదాల మూల నుంచి సన్నని పొగ వచ్చి కిటికీ వైపు పోయింది. నాలుగు పీల్పులు పీల్చి, ఆమె చుట్ట తీసి, సెట్టు తీసి, కొంగుతో తుడిచి జగ్గారావు చేతిలో పెట్టింది.

జగ్గారావు అంగిలి నడిమధ్య వేలు పెట్టి, పెట్టీ పెట్టగానే తీసేశాడు. అలవాటు కొద్దీ అతని చూపు గోడ గడియారం మీదికి పోయింది.

"నీళ్లైతే ఇది గడియారం సూసుకునే వేడి బాబూ," అన్నాడు మెల్లిగా.

భీమశంకరరావు గారు తను కూడా వేలు పెట్టి చూశారు. నొప్పి లేదా అమ్మా అని అడిగారు. అలవాటు బాబూ అంది పైడితల్లి. ఆయన పెన్ను మూత బిగించి, కాగితాన్ని రెండుగా, నాలుగుగా చింపి, ముక్కలు శ్రీరామ్మూర్తి చేతిలో పెట్టారు. దస్తూరీ బాగుందయ్యా, ఇంకో పనికి వాడుకో అన్నారు. ఆ మూడు గీతలూ తుడిచెయ్యమన్నారు.

తడిగుడ్డ అందుకోబోతుంటే జగ్గారావు వద్దన్నాడు. సెట్లు రిటనైతే వచ్చాయి గదా, లేదంటే ఎలాగ అన్నాడు. అప్పుడు శ్రీరామ్మూర్తి సుద్దముక్కతో బోర్డులో కొత్త గడి ఒకటి గీసి, పైన 'ఎందుకు' అని రాశాడు. మూడు గీతలకి ఎదురుగా, అందరూ చదివేలా, అడ్డపొగ అని రాశాడు.

పైడితల్లి వెళ్లబోతూ, నా పళ్లు సేసినోడు ఎవులని అడిగింది. జగ్గారావు చేతులు లుంగీకి తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

"మంచి సెయ్యి నాయనా నీది. పొగ బాగా నిలబడతాది."

గవర్రాజు నవ్వాడు. జగ్గారావు కూడా నవ్వాడు. నవ్వుతూనే మొహం అటు తిప్పుకుని, మండుతున్న స్టవ్వుని ఊరికే సవరించాడు.

*

కంచరపాలెం డాక్టరు గారి చీటీలో ఆ తర్వాత అడ్డపొగ అలవాటుందా అని ఒక ప్రశ్న చేరింది. ప్రతి సెట్టుతోనూ మూతున్న చిన్న గిన్నె ఒకటి ల్యాబు నుంచి వెళ్లేది. పొగ తాగేటప్పుడు సెట్టు తీసి అందులో నీళ్లు పోసి వెయ్యమని, తినేటప్పుడు పెట్టుకోమని జగ్గారావు తన దారిలో ఇల్లిల్లూ తిరిగి చెప్పేవాడు. చీటీలు ఇద్దరికీ సమానంగా పంచడం మొదలైంది. గవర్రాజు కూడా డబ్బా దగ్గర కూర్చుని నీళ్లలో వేలు పెట్టి లెక్కపెట్టడం నేర్చుకున్నాడు. మొదట్లో మూడుకే తీసేసేవాడు.

ఆ పై సోమవారం బస్సులో శ్రీరామ్మూర్తి రాసుకున్న జాబితాలో ఆఖరి రెండు పనులు ఇవి. అమ్మకి చుట్టల కట్ట. అమ్మని డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లి అచ్చు తీయించడం. పదకొండింటికి భీమశంకరరావు గారు ఆ పేజీ తిరగేశారు, చదివారు. అమ్మగారికి పై సెట్టొకటేనా, కిందది కూడానా అని మాత్రం అడిగారు.

అప్పాయమ్మ సెట్టు జగ్గారావే చేశాడు. కొలతలకి వచ్చిన రోజు ఆమె బెంచీ మీద అందరి మధ్యా కూర్చుంది. బొడ్లోంచి చుట్ట తియ్యబోయి కొడుకు వంక చూసింది. అతను అగ్గిపెట్టె ఇచ్చాడు. గోపాలపట్నంలో ఇప్పుడామె వీధి అరుగు మీదే కూర్చుంటుంది, పక్కన గిన్నెలో పళ్లు పెట్టుకుని.

మీ ఇంట్లో గూట్లోనో, కిటికీ చెక్క మీదో, నీళ్లగిన్నెలో పళ్లసెట్టు కనబడితే దాన్ని చేసిన చేతుల్ని మీరెలాగూ తలుచుకుంటారు. ఇంకొకరిని కూడా తలుచుకోండి. ముక్కూ మొహం తెలియని మనిషి పని నిలబెట్టడానికి, సిగ్గు విడిచి నలుగురు మగాళ్ల ముందు నోట్లో నిప్పు పెట్టుకుని చూపించిన కంచరపాలెం పైడితల్లిని.